కంప తీసిన ఫోటో

పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఫ్రేములో అడ్డమొచ్చినదాన్ని ఉన్నచోట ఉండనివ్వరు. పెళ్ళికూతురి వెనక నీళ్ళ బాటిలు కనిపిస్తే తీసేస్తారు, ప్లాస్టిక్ కుర్చీ కనిపిస్తే జరిపేస్తారు, మేనమామ కనిపిస్తే ఆయన్నీ జరిపేస్తారు. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసిన ఇల్లు. బట్ట మీద ఒక్క పోగు పైకి లేచి ఉన్నా మా అమ్మ చెయ్యి దాన్ని తుంచకుండా ఊరుకోదు. ఆ చెయ్యే నాకూ వచ్చింది. పన్నెండేళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను. నాగజ్యోతి తీస్తే నీట్‌గా ఉంటుందని పేరు. ఈ ఎండాకాలం ఒక ముసలాయన బతుకులోంచి ఆయన గొర్రెల మందను కూడా అంతే నీట్‌గా తీసేశాను.

ఈ యేడు ఎండాకాలమంతా మూఢం. ముహూర్తాలు లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే నాకు పని లేదు, పని లేకపోతే ఒళ్ళంతా చిరాకు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ప్రతివాడినీ గడ్డం ఎత్తు, గడ్డం దించు అని కసురుకుంటున్న రోజుల్లో హర్షిణి వచ్చింది. ఆమె కర్నూల్లో ఒక కాలేజీలో బోటనీ చెబుతుంది. వాళ్ళ చెల్లెలి పెళ్ళికి నేనే తీశాను.

"జ్యోతక్కా, ఆదివారం పొద్దున మా కాలేజీ పిల్లలను దొడ్డచెరువుకు తోలుకొస్తాండా. నడుచుకుంటా పక్షులు, పూలు ఫోటోలు తీస్తారు. నువ్వు పెద్ద లెన్సు తీసుకోని రా. బాగా వచ్చినవి ఏరి వచ్చే శనివారం కర్నూల్లో ప్రదర్శన పెడతాం."

"పక్షులు గడ్డం ఎత్తమంటే ఎత్తుతాయా?"

"ఎత్తవు. అందుకే నిన్ను రమ్మంటాండా," అని నవ్వింది.

దొడ్డచెరువు మా ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. ఎండాకాలంలో నీళ్ళు నడిమధ్యకు పోయి, చుట్టూ నల్లమట్టి బయటపడుతుంది. ఆ తడికి పచ్చగా గరిక లేస్తుంది. చుట్టుపక్కల నేలంతా మాడిపోయి ఉంటే పిట్టలన్నీ అక్కడికే చేరతాయి. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, నీళ్ళలో మునిగి ఇంకోచోట తేలే బుడుబుంగలు. ఇన్నేళ్ళుగా ఆ చెరువు గట్టు మీద పెళ్ళికి ముందు జంటల ఫోటోలు తీశాను కానీ, జంట వెనక కొంగ కనిపిస్తే తరిమించానే తప్ప దాని ముఖం ఎప్పుడూ చూడలేదు.

ఆ పొద్దున మాత్రం చూశాను. బొక్కెనాకు పూలు మిరియపు గింజంత ఉంటాయి. వాటి కోసం బురదలో బోర్లా పడుకున్నాను. ముళ్ళ మధ్య వాకుడు పువ్వు ఊదారంగులో విచ్చుకుని ఉంటే, ముళ్ళు గుచ్చుకుంటున్నా పట్టించుకోకుండా తీశాను. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా అనిపించింది. హర్షిణి పిల్లలకు ఒకటే మాట పదిసార్లు చెప్పింది. దేన్నీ కదపొద్దు, దేన్నీ కోయొద్దు, గూడు కనపడితే దగ్గరికి పోవద్దు. నేనూ తల ఊపాను.

అప్పుడే గొర్రెల మందతో మద్దయ్య వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. గట్టు కింది ఊరే ఆయనది. ముప్పై గొర్రెలు వెనక, ఆయన ముందు.

"ఏమ్మా, ఆ తూరుపు దిక్కు పోవాకండి. ఆడ తీతువు గుడ్లు పెట్టుండాది. కంప పెట్టినా."

తీతువు అరిస్తే అశుభమని రాళ్ళు విసిరేవాళ్ళను చూశాను కానీ, దాని గుడ్లకు కాపలా పెట్టినవాడిని ఎప్పుడూ చూడలేదు. హర్షిణికీ ముచ్చటేసింది.

"గుడ్లు నీకెట్ల కనపడినాయి పెద్దాయనా? రాళ్ళల్లో రాళ్ళ మాదిరి ఉంటాయి కదా."

"నాకు యాడ కనపడతాయమ్మా! ఈ కండ్లకు పొర వచ్చి రెండేండ్లాయ. ఆ పిట్టే చెప్పె. నెత్తి మీద తిరుగుతా ఒగటే అరుపు. కూచ్చోని చేత్తో తడుముకుంటా పోతే దొరికినాయి. నాలుగు. పక్కనే రెండు తుమ్మకంపలు నరికి నాటితి. ఇప్పుడు నల్లగా కంప ఆనితే సాలు, మందను మల్లిస్తా. నేను కంపను చూస్తా, గొర్లు నన్ను చూస్తాయి."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంది. మా దిక్కు కంప పెట్టారంటే అర్థం ఒకటే, ఇక్కడ తొక్కొద్దని. కొత్తగా నాటిన మొక్క చుట్టూ పెడతారు, పూడ్చిన గుంత మీద పెడతారు. ఆ సంగతి తెలియని మనిషిని కాదు నేను. పైగా ఆయన నోటితో చెప్పగా విన్నాను.

మంద పడమటి వైపు దిగింది. హర్షిణి, పిల్లలు గూడబాతుల కోసం నీళ్ళ వైపు నడిచారు. నేను తూర్పుకు నడిచాను. దగ్గరికి పోను, లెన్సు ఉంది కదా, దూరం నుంచే తీస్తాననుకున్నాను. తూటి పొద చాటున కూర్చున్నాను. తీతువు చెరువులోకి దిగి, పొట్ట తడుపుకుని, గుడుగుడు నడిచి వచ్చి గుడ్ల మీద నిలబడింది. తడి పొట్టతో గుడ్లను చల్లబరుస్తోంది. ఆ ఎండలో, ఆ పిట్ట చేసే పని చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగిన నీళ్ళు తుడుచుకుని ఫోటో చూసుకుంటే పిట్ట మెడ మీద అడ్డంగా కంప. గుడ్ల మీద చారలు చారలుగా ముళ్ళ నీడ.

అరగంట చూశాను. ఎటు జరిగినా కంపే. ఇంకో అరగంట పోతే ఎండ నడినెత్తికెక్కి వెలుతురు చెడిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి రెండు కంపలూ పీకేశాను. తీతువు నెత్తి మీద అరుస్తూ తిరిగింది. వేలికి ముల్లు దిగితే కంపనే తిట్టుకున్నాను. వాటిని తూటి పొద వెనకకు, ఫ్రేములో పడనంత దూరానికి ఈడ్చి పడేసి వచ్చి కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు పిట్ట వచ్చింది. పొట్ట కింద ఈకకు ఒక నీటిచుక్క వేలాడుతోంది, దాని కింద నాలుగు గుడ్లు. నొక్కాను. అంతకన్నా మంచి ఫోటో నేను జీవితంలో తీయలేదు.

అప్పుడే హర్షిణి కేక వేసింది, గూడబాతులు లేస్తున్నాయి రమ్మని. పరిగెత్తాను.

కంప సంగతి మరిచిపోయానని చెప్పుకోగలిగితే నాకు సగం పాపం తగ్గేది. మరిచిపోలేదు. గట్టు ఎక్కి స్కూటర్ స్టాండు తీస్తుంటే గుర్తొచ్చింది. గూడు అర కిలోమీటరు వెనక ఉంది. చెప్పుల్లో బురద ఎండి గట్టిపడింది, ఎండ చుర్రుమంటోంది. మంద ఈ పూటకు పడమటి వైపే కదా, రేపు పొద్దున్నే వచ్చి పెట్టేస్తానని నాకు నేనే చెప్పుకుని స్కూటర్ స్టార్ట్ చేశాను.

సోమవారం పొద్దున్నే లేచిన మాట నిజమే. లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ నీటిచుక్కను పెద్దది చేసి చూస్తే అందులో సూర్యుడు కనిపించాడు. రంగులు సరిచేస్తూ కూర్చుంటే తొమ్మిదైంది. చెరువుకు పోయేసరికి గొర్రెలు తలో దిక్కు మేస్తున్నాయి. మద్దయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన తల మీద రెండు తీతువులు అరుస్తూ గిరికీలు కొడుతున్నాయి.

ఏం జరిగిందో తెలిసి కూడా ఏమైంది పెద్దాయనా అని అడిగాను.

"తొక్కిస్తి పాపా. నా గొర్లతోనే తొక్కిస్తి." అరచేతిలో పెంకులు చూపించాడు. "కంప కోసరం చూస్తానే ఉంటి. ఇంకా ముందర ఉండాది, ఇంకా ముందర ఉండాది అనుకుంటా వస్తి. పిట్ట నెత్తిన కొడతా అరుస్తాంది. వంగి చూస్తే నా కాలి కిందనే తడి."

కంపలు పొద వెనక ఉన్నాయి. నాకు కనపడుతున్నాయి. ఆయనకు కనపడవు.

"అయ్యన్న యాడాది నుంచి చెప్తాండాడు, నాయనా నీకు కండ్లు ఆనవు, మందను అమ్మేద్దామని. కొడుకని గూడా చూడకుండా వాని మీద ఎగిరితి. నా మందను నేను కండ్లు మూసుకోని మేపుతా అంటి. ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని అనేది? నేను నాటిన కంప నాకే కనపడకపాయ. ఇయ్యాల గుడ్లు, రేపు ఒగ పసిబిడ్డను తొక్కిస్తే? శనివారం సంతకు తోలమంటా వాన్ని."

నేనే తీశాను అని రెండు మాటలు. అంతకు మించి అవసరం లేదు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే. "కుక్కలు లాగేసింటాయేమో పెద్దాయనా."

"కుక్కలు కంప జోలికి పోతాయా పాపా," అన్నాడు జాలిగా. నేను ఆయన్ను ఓదార్చడానికి అంటున్నాననుకున్నాడు.

ఆయన మందను తోలుకుని వెళ్ళిపోయాక నేను చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ కంపలను ఈడ్చుకెళ్ళి తూటి పొదలోకి లోతుగా తోసేశాను, ఎవరికీ కనపడకుండా. అప్పటిదాకా చేసింది నిర్లక్ష్యం. అది మాత్రం దొంగతనం.

బుధవారం ఫోటో పంపాను. పంపకుండా ఉండొచ్చు. పంపాను. గంటలో హర్షిణి ఫోన్ చేసింది. "అక్కా, అందరిదీ ఒక ఎత్తు, నీది ఒక ఎత్తు. ముళ్ళు అడ్డం రాకుండా ఏ సందులోంచి తీసినావు?"

"పెద్ద లెన్సు కదా," అన్నాను.

అన్నం తినబుద్ధి కాలేదు. స్టూడియోలో ఎవరినీ కసురుకోలేదు కూడా. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదే అంది. శుక్రవారం సాయంత్రం ఇక ఉండబట్టలేక మద్దయ్య ఊరికి పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కట్టుకున్నాను. పెద్దాయనా, నీ కండ్లు బాగున్నాయి, తప్పు నాది. ఈ మాట చెప్పి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను.

ఇంటి పక్కనే గొర్రెల దొడ్డి. ఆయన భార్య మల్లక్క మజ్జిగ ఇచ్చింది. "నాలుగు దినాల నుంచి కూడు సరిగా తినడంల్యా పాపా. పిట్ట ఉసురు తగుల్తాదంటాడు. నువ్వన్నా చెప్పు," అంది. మద్దయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గొంతుతో గుర్తుపట్టాడు.

"ఆ తీతువును ఫోటో తీసింటావు కదా. సూపియ్యి పాపా, కడాకు ఒగసారి సూస్తా."

ఫోన్లో తీసి ఇచ్చాను. ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"పొట్ట కాడ నీళ్ళు కారుతాండాయి కదా. అబ్బా, ఎంత బాగుండాదో. ఇది ఎప్పుడు తీస్తివి?"

"ఆదివారం పొద్దున."

ఫోన్ను అటూ ఇటూ తిప్పాడు. "కంప యాడ?"

నేను మజ్జిగ గ్లాసు ఎత్తుకున్నాను.

"మల్లీ, ఇట్ల రా. నీకు కనపడతాదేమో చూడు. ఈడ యాడన్నా కంప ఉండాదా?"

మల్లక్క వంగి చూసింది. "లేదే. వట్టి నేల ఉండాది."

మద్దయ్య ఫోన్ నా చేతికిచ్చేశాడు. "సూస్తివా. ఆదివారానికే కంప లేదంట. నేను పెట్టనే లేదు. నరుకుదామనుకోనింటా, నరికినా అనుకోనింటా. మీ అందరికీ చెప్తి గూడా, పెట్టినా అని. కండ్లే కాదే మల్లీ, మతి గూడా పాయ."

ఇంతకంటే చెప్పాల్సిన సమయం ఇంకొకటి ఉండదు. నాకు తెలుసు. పూర్తిగా తెలుసు. నా ఫోటోను సాక్ష్యం పెట్టుకుని ఆ మనిషి తన మతి మీద తానే తీర్పు చెప్పుకుంటున్నాడు. నోరు తెరిచాను. తెరిస్తే రేపు కర్నూల్లో హర్షిణి ముఖం ఎలా చూడాలి, పిల్లల ముందు ఎలా నిలబడాలి అనిపించింది. రేపటి సభ అయిపోనీ, ఆ తర్వాత వచ్చి చెప్తా అనుకున్నాను. రేపే సంత అనీ తెలుసు. రెండూ శనివారమే. వాటిలో ఒకటి ఎంచుకున్నాను. గ్లాసులో మిగిలిన మజ్జిగ కూడా తాగేసి లేచాను.

కర్నూల్లో ఫోటోను గోడంత పెద్దది చేసి పెట్టారు. హర్షిణి మైకు ముందు నిలబడి, "దేన్నీ కదపకుండా, దేన్నీ బెదరగొట్టకుండా, ఓపికతో తీసిన ఫోటో ఇది. పిల్లలూ, నేర్చుకోండి," అంది. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఎవరో నన్ను ఫోటో పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. అంత దగ్గరగా నిలబడితే, కింది మూలన బురదలో రెండు సన్నటి గీతలు కనిపించాయి. కంపలు ఈడ్చిన గీతలు. పన్నెండేళ్ళ అనుభవం ఉన్న నా కంటికి కంప్యూటర్లో అవి కనపడలేదు. ఇంకెవరి కంటికీ కనపడలేదు. నేను మాత్రం ఆ తర్వాత ఆ ఫోటోలో పిట్టను చూడలేకపోయాను. టైము చూసుకున్నాను. పన్నెండు. సంత పొద్దున్నే అయిపోయి ఉంటుంది.

ఆదివారం పొద్దున వెళ్ళాను. దొడ్డి ఖాళీ. మల్లక్క అందులో పెంటికలు ఊడుస్తోంది. మద్దయ్య అరుగు మీదే ఉన్నాడు, చేతిలో ఏమీ లేకుండా. కూర్చోమన్నాడు. కూర్చుంటే మళ్ళీ చెప్పలేనని నిలబడే చెప్పాను.

"పెద్దాయనా, కంప నువ్వు పెట్టింటివి. నేను పీకేస్తి. ఫోటోకు అడ్డమొచ్చిందని పీకి, మళ్ళీ పెట్టకుండా పోతి. సోమవారం నువ్వు ఏడుస్తాంటే నాకు తెలుసు. మొన్న ఫోటో సూపిచ్చినప్పుడూ తెలుసు. అయినా చెప్పలేదు."

దొడ్డిలో చీపురు చప్పుడు ఆగింది.

ఆయన తల ఎత్తాడు. "నేను పెట్టింటినా?"

"పెట్టింటివి. రెండు."

"తుమ్మకంపలేనా?"

"తుమ్మకంపలే. ముల్లు గూడా గుచ్చుకునింది నాకు."

"పెట్టింటి!" అని తొడ మీద చరుచుకున్నాడు. "మల్లీ, వింటివా? నేను పెట్టింటి! మతి పోలేదు నాకు. కండ్లు గూడా ఏం పోలేదు. లేని కంప ఎవనికి మాత్రం ఆనుతాది? వింటివా?" ఆయన ముఖం వెలిగిపోయింది. లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "సల్లగా ఉండు పాపా. మంచి మాట చెప్తివి."

తిడతాడని సిద్ధపడి వచ్చాను. కొట్టినా పడదామనుకున్నాను. దీవెనకు మాత్రం నేను సిద్ధంగా లేను.

వీధిలో సోమన్న అనే ఆయన సైకిలు మీద పోతున్నాడు. మద్దయ్య కేక వేసి ఆపాడు. "ఓ సోమన్నా, ఇట్ల రాప్పా. ఈ పాప ఏం చెప్తాందో విను. చెప్పు పాపా."

చెప్పాను. సోమన్న ఒకసారి నన్ను, ఒకసారి ఖాళీ దొడ్డిని చూసి సైకిలెక్కాడు. పక్కింటామె గోడ మీంచి తొంగిచూస్తే ఆమెకూ చెప్పించాడు. అంతలో అయ్యన్న బండి మీద వచ్చాడు. "వీనికి చెప్పు, వీనికి ముందర చెప్పాల," అన్నాడు మద్దయ్య, చిన్నపిల్లాడిలా తొందరపడుతూ. చెప్పాను. అయ్యన్న తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని లోపలికి పోయాడు.

మద్దయ్యకు ఇంకా గొర్రెలు గుర్తుకు రాలేదో, వచ్చినా ఆ పొద్దుకు పక్కన పెట్టాడో నాకు తెలియదు. మల్లక్కకు గుర్తున్నాయి. చీపురు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నిన్న తెల్లారి ఎనిమిది దాకా లారీ రాలేదు పాపా. గొర్లన్నీ ఈడనే ఉన్నెయి. నిన్న రాకపోతివే?"

ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు. "నిన్న కర్నూల్లో నాకు శాలువా కప్పినారవ్వా. ఆ ఫోటోకే."

ఆమె కోప్పడలేదు. దొడ్డి వైపు తిరిగి, మామూలుగా చెప్పింది. "ఒగ గొర్రెపిల్ల లారీలోంచి దూకి ఉరికొచ్చె. ఈయప్ప కాళ్ళ సందున దూరె. ఈయప్పే ఎత్తుకోని పోయి మళ్ళీ లారీలో ఏసె. గుడ్డోని కాడ ఏముంటావే, పో అనె."

మళ్ళీ ఊడవడానికి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. మద్దయ్య వీధి చివర ఎవరో వస్తున్న అలికిడి విని, అరుగు అంచుకు జరిగి చెయ్యి ఊపాడు.

"ఎవరప్పా అది, కంబన్నా? ఇట్ల రాప్పా, ఇట్ల రా. ఈ పాప ఒగ మాట చెప్తాది."

కంబన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.